సేద్యమునకు యంత్రము, నేర్చుటకు చేతి పనిముట్టు



మన సహకార సంఘముల గిడ్డంగులలో నేడు రెండు విధములైన సామగ్రి కానవచ్చుచున్నది. ముందు వసారాలో రంగు వేసిన ట్రాక్టరు గొర్రులు, పెట్రోలు స్ప్రేయరులు, కొన్నిచోట్ల డ్రోనులు నుండును. వెనుక గదిలో చీకటి మూలను చెదలు పట్టిన కొయ్య గొర్రు, అంచు పగిలిన జడ్డిగము, త్రుప్పు పట్టిన చేతి స్ప్రేయరు, త్రాళ్లు తెగిన తక్కెడ పడియుండును. మొదటివానికి అద్దె పుస్తకము కలదు. రెండవవానిని అడుగువారు లేరు. ఏటేట సామగ్రి జాబితా వ్రాయునపుడు వీనిని “పనికిరానివి” అను పద్దు క్రింద చేర్చి, ఇనుమును తూకమునకును, కొయ్యను వంటచెరకునకును అమ్మివేయుట మామూలైపోయినది. నేను తిరుగు ప్రాంతమున ఒక సంఘమువారు గడచిన వేసవిలో ఇట్లే చేసిరి. అందువలన వచ్చిన సొమ్ము ఆనాటి సమావేశపు తేనీటి ఖర్చునకు సరిపోయెను. పోయిన గొర్రును తిరిగి చేయించుకొందమన్న, ఆ పని తెలిసిన వడ్రంగి ఇప్పుడా ఊరిలో లేడు.

ఈ వ్యాసమున నేను మనవి చేయదలచినది ఒక్కటియే. పొలము పనిని యంత్రముతోనే చేసికొనుడు. కాని ఆ పనిని మొట్టమొదట నేర్చుకొనుట మాత్రము చేతి పనిముట్టుతో జరుగవలెను. ఇందుకై ప్రతి సంఘమును పాత పనిముట్లలో ఒక జతనైనను బాగుచేయించి నిలుపుకొనవలెను.

ఇది పాతకాలముపై మమకారము తప్ప వేరు కాదని కొందరనవచ్చును. మమకారము లేదని నేననను. నేను చదివిన మిషను పాఠశాలలో తోటపని ఒక పాఠముగా నుండెడిది. అందుకై మాకిచ్చిన వస్తువులు ఒక చేట, ఒక తక్కెడ, ఒక పార, ముడులు వేసిన కొలత త్రాడు, ఒక గోనెపట్ట, ఇంతమాత్రమే. చేటతో చెరిగి తాలు వేరుచేయవలెను. మిగిలిన గట్టి గింజలలో ఏరకుండ నూరు లెక్కించి తూచవలెను. ఆ నూటిని తడి గోనెలో వరుసలుగా పేర్చి చుట్టి నీడను ఉంచవలెను. మొలకలు వచ్చిన దినమున లెక్కించి ఆ సంఖ్యను నల్లబల్లపై వ్రాయవలెను. ఆ సంఖ్య నూటికి ఎంత తగ్గినదో అంత విత్తనము ఎక్కువ పోయవలెనని ఉపాధ్యాయుడు చెప్పకమునుపే మాకు తెలిసిపోయెడిది. ఏలయన ఆ మొలవని గింజలను మా చేతులతోనే ఏరి పారవేసినాము.

సెలవులలో ఇంటికి వచ్చినపుడు జడ్డిగమున గింజ వదలుట నేర్చుకొంటిని. మా ఊరిలో విత్తుటయందు పేరుపడిన ఒక పెద్దమ్మ యుండెడిది. చదువు లేదు. కాని ఎకరమునకు ఇన్ని కుంచములని చెప్పినచో, ఆ కొలత ఆఖరి చాలుతో సరిపోవునట్లు వదలెడిది. నాకు మొదట నేర్పినపుడు ఆమె గింజనుగూర్చి చెప్పలేదు. “ఎద్దులకేసి చూడకు నాయనా, గొట్టాలకేసి చూడు. గిన్నెలో గింజ నిలిచిందా, కింద చాలు ఎండిందే” అని మాత్రము చెప్పినది. తరువాత ఎన్నియో శిక్షణ తరగతులలో కూర్చుంటిని, నేనును ఎన్నింటినో నడిపితిని. విత్తుటనుగూర్చి అంతకంటె పొట్టిగా, అంతకంటె పూర్తిగా చెప్పిన మాట నేటివరకు వినలేదు.

గొర్రు నిర్మాణము పెద్దలెరిగినదే. అయినను దానిని చూడని యువకులు నేడు అనేకులున్నారు గనుక చెప్పుచున్నాను. ఒక అడ్డదూలమునకు మూడు మొదలు ఆరు వరకు పళ్లుండును. ప్రతి పంటికిని రంధ్రము కలదు. ఆ రంధ్రములలో నిలిపిన వెదురు గొట్టములు పైకి పోయి ఒక కొయ్య గిన్నె అడుగున కలియును. ఆ గిన్నెయే జడ్డిగము. ఎద్దులు నడచుచుండగా వెంట నడచు మనిషి పిడికిట నుండి గింజను కొలది కొలదిగా గిన్నెలోనికి వదలును. అది అన్ని గొట్టములలోనికి సమముగా విడిపోయి పళ్ల వెనుక చాళ్లలో పడును. పిమ్మట గుంటక తోలి మన్ను కప్పుదురు. ఇందు చక్రము లేదు, గొలుసు లేదు, మర లేదు. కొలత యంతయు మనిషి వ్రేళ్ల సందున నున్నది.

ఇంత సులభమైన సాధనమును తక్కువగా చూడరాదు. ఇంగ్లాండునందు జెత్రో టల్ అను నాతడు తన విత్తు యంత్రమును కల్పించినది 1701లో. ఆ శతాబ్దము ముగియుచుండగా దక్షిణ హిందూదేశమున నున్న కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్ల సైనికోద్యోగి మన గొర్రును చూచి ఆశ్చర్యపడి తన దేశపు వ్యవసాయ మండలికి లేఖలు వ్రాసెను. విత్తు గొర్రు ఐరోపావారి క్రొత్త కల్పనయని తాను అనుకొనుచుంటిననియు, ఇచటి రైతులు దానిని అనాదిగా వాడుచున్నారని తెలిసికొంటిననియు వానియందు తెలిపెను. ఆ లేఖలు 1797లో అచ్చుపడెను. ధరంపాల్‌గారు పదునెనిమిదవ శతాబ్దపు భారతీయ శాస్త్రములనుగూర్చి 1971లో ప్రకటించిన గ్రంథమున వానిని మరల చేర్చిరి. ఇది మనకు గర్వకారణమే. అయినను గర్వమునకై గొర్రును దాచుకొనుమని నేను చెప్పుటలేదు. గొర్రు మనుష్యునకు నేర్పు విషయములు మరియొకటి నేర్పదు గనుక దాచుకొనుమనుచున్నాను.

ఆ విషయములేవి? మొదటిది, గింజ లెక్క. చేతినుండి గింజ జారుచున్నపుడు అడుగునకెన్ని పడుచున్నవో చేతికే తెలియును. రెండవది, ఏ గొట్టమునకు ఆ గొట్టమును కనిపెట్టుట. తడి మన్ను పంటి మూతికి అంటుకొన్నచో గొట్టము నిండి గింజ జడ్డిగములో నిలుచును. కన్ను వెంటనే చూచును, ఎద్దులు ఆగును. మూడవది, పదును. పన్ను ఎంత లోతున దిగుచున్నది, మన్ను ఎట్లు విడిపోవుచున్నది అనునవి మేడి పట్టిన చేతికి తెలిసినట్లు ట్రాక్టరు పీటముపై కూర్చున్నవానికి తెలియవు. చేతి పనిముట్టునందు పని యొక్క ప్రతి మెట్టును మన కంటి యెదుటనే జరుగును. యంత్రమునందు మెట్లన్నియు రేకుపెట్టె లోపల జరుగును. మనకు కానవచ్చునది ఫలితమే, అదియు వారము దినములు గడచిన పిదప.

దీనికి ఒక నిదర్శనము చెప్పెదను. రెండేండ్ల క్రిందట ఒక గ్రామమున ఒక యువకుడు తొమ్మిది చాళ్ల ట్రాక్టరు గొర్రును అద్దెకు తెచ్చి నాలుగెకరములలో వేరుశనగ విత్తెను. మంచి పనివాడు, చాళ్లు త్రాడు పట్టినట్లు తిన్నగా వచ్చినవి. కాని మొదటి మలుపుననే ఒక గొట్టపు మూతికి జిగట మన్ను అడ్డుపడెను. ఎవరును దిగి చూడలేదు. ఎనిమిదవ నాడు పైరు లేచినపుడు ప్రతి తొమ్మిదవ చాలును బోడిగా నుండెను. లెక్క వేయుడు. నాలుగెకరములలో తొమ్మిదవ వంతనగా 44 సెంట్లు. అంత నేల దున్ని, ఎరువు వేసి, బీడు పెట్టినట్లే. ట్రాక్టరు గంటకు 4 కిలోమీటర్లు నడచినచో నిమిషమునకు 66 మీటర్లు పోవును. చాలులో 10 సెంటీమీటర్లకొక గింజ చొప్పున, ఒక్క నిమిషము ఏమరిన 660 గింజల చోటు పోయినది. ఎద్దుల గొర్రున ఏమరినను నష్టము కొన్ని అడుగులకు మించదు. యంత్రమెంత వేగముగా మేలు చేయునో అంత వేగముగా కీడును చేయును. కావున యంత్రము తోలువానికి పాత గొర్రు తోలినవానికంటె ఎక్కువ జాగ్రత్త నేర్పవలసియుండగా, మనము అసలు నేర్పుటయే మానితిమి. ఆ యువకుని నేను తప్పుపట్టను. బండి నడుపుట అతనికి నేర్పిరి. గొట్టమువంక చూడుమని చెప్పినవారు లేరు.

చేతి పనిముట్ల పాఠము నేర్చినవాడు అదే యంత్రమును ఎట్లు పరీక్షించునో చూడుడు. వేరుశనగ చాలునకు చాలునకు 30, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు. నూరు గింజలు తూచిన 40 గ్రాములైనవనుకొందము. తొమ్మిది చాళ్ల వెడల్పు 2 మీటర్ల 70 సెంటీమీటర్లు. ఆ వెడల్పున 15 మీటర్ల దూరము నడిపినచో సరిగా ఒక సెంటు నేల యగును. కనుక త్రాడుతో 15 మీటర్లు కొలిచి, రెండు కొసల గుర్రపు మేకులు గాని పుల్లలు గాని పాతి, ప్రతి గొట్టమునకును ఒక గుడ్డసంచి కట్టి, గింజ నేలపై పడకుండ యంత్రమును ఆ దూరము నడుపవలెను. గింజను తోడు చక్రము నేలనంటి తిరుగుచుండవలెను. తరువాత సంచులు విప్పి వేరువేరుగ తూచవలెను. ఒక్కొక్క సంచిలో 150 గింజలు, అనగా 60 గ్రాములుండవలెను. తొమ్మిదియు కలిపి 540 గ్రాములు; నూరు సెంట్లకు 54 కిలోలు. నూటికి 90 మొలచు విత్తనమైనచో 60 కిలోలు పడునట్లు సవరించుకొనవలెను. ఒక సంచిలో 40 గ్రాములు, మరియొక సంచిలో 80 గ్రాములు వచ్చినచో, మొత్తము సరిపోయినను యంత్రము సరిగా లేదని తెలిసికొనవలెను. ఇందుకు కావలసినవి తొమ్మిది గుడ్డసంచులు, ఒక త్రాడు, ఒక తక్కెడ. పట్టు కాలము అరగంట. తక్కెడయు త్రాడును తెలిసినవానికి ఈ పరీక్ష తనంతట తోచును. తెలియనివాడు పెట్టెపై వ్రాసిన అంకెను నమ్మి తోలుకొనిపోవును.

పురుగుమందు విషయమున ఈ తెలివి ధనమునకే కాదు, ఒంటికిని సంబంధించినది. వీపున తగిలించుకొను చేతి స్ప్రేయరు పదునారు లీటర్లది. ఒక సెంటు నేలను కొలిచి, ఉత్త నీటిని పోసికొని, పొలములో నడచు నడకనే నడచుచు ఆ సెంటునంతయు తడిపి, ఎంత నీరు ఖర్చైనదో కొలచవలెను. రెండు లీటర్లైనచో ఎకరమునకు 200 లీటర్లు, అనగా పండ్రెండున్నర ట్యాంకులు. ఎకరమునకు చెప్పిన మందును ఇన్ని ట్యాంకులకు పంచవలెను. ఇది నేర్చినవానికి మందు మోతాదు నేలకు గాని నీటికి కాదని బోధపడును. ఇప్పుడు డ్రోనులు వచ్చినవి. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము స్త్రీల సంఘములకు 15,000 డ్రోనులిచ్చు పథకమును ఆమోదించెను. డ్రోను ఎకరమునకు సుమారు 10 లీటర్ల నీటితోనే పని ముగించును. అనగా అదే మందు ఇరువది రెట్లు చిక్కగా దాని ట్యాంకులో నుండును. దానిని కలుపు చేతికి తొడుగు, ముఖమునకు గుడ్డ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. “లీటరునకు ఇంత” అను మాట మాత్రమే కంఠస్థము చేసినవాడు ఇచట తికమకపడును. సెంటు కొలిచి నీరు కొలిచినవాడు తికమకపడడు.

ఇక ఆక్షేపణలు. కూలీలు దొరకని ఈ దినములలో కొయ్య గొర్రు మాట ఎత్తుటయేమని అడుగువారున్నారు. న్యాయమే. మెట్ట ప్రాంతమున వాన పడిన పిదప పదును నిలుచునది కొలది దినములే. ఆ దినములలో ఉన్న నేలనంతయు విత్తవలెనన్న ట్రాక్టరు గొర్రు లేక తీరదు. దినమంతయు గొర్రు వెంట నడచినవారి కాళ్లనొప్పియు, వంగి కలుపు తీసిన స్త్రీల నడుమునొప్పియు నేను మరువలేదు. ఆ కష్టమును మరల ఎవరి నెత్తిన పెట్టుటకును ఇష్టపడను. పదియెకరములు కొయ్య గొర్రుతో విత్తుమని నేననుటలేదు. పది బారల నేలలో ఒక పూట దానితో నేర్చుకొనుమనుచున్నాను. పలకపై అక్షరములు దిద్దినవాడు ఆ పలకతోనే పత్రములన్నియు వ్రాయుట లేదుగదా. అయినను పలకను పారవేసి బిడ్డను బడికి పంపువారు లేరు.

ఎద్దులు లేనిదే గొర్రు ఎట్లు తోలుదుమని మరికొందరందురు. పాఠమునకు ఎద్దులతో పని లేదు. గొర్రును రెండు దిమ్మెలపై నిలిపి, ప్రతి పంటి క్రిందను ఒక ముంత పెట్టి, నేర్చువానిచేత జడ్డిగమున గింజ వదలించుడు. పిమ్మట ముంతలలోని గింజలను లెక్కించుడు. మొదటి మారు ఒక ముంతలో ఇరువది, ఒక ముంతలో అరువది పడును. పదవ మారునకు సమమగును. ఈ ఆటను పిల్లలు కూడ ఇష్టపడుదురు. ఊరిలో గింజ వదలుటలో చేయి తిరిగిన ముసలమ్మలు ఇంకను కొందరున్నారు. వారిని పిలిచి, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, నేర్పుమని అడుగుట సంఘమునకు గౌరవము. వారి చేతి పనితనము పుస్తకములలో లేదు. వారు పోయిన తరువాత వెదకినను దొరకదు.

కనుక రాబోవు సర్వసభ్య సమావేశమునందు సభ్యులు ఈ క్రింది విషయములను ప్రతిపాదింపవలెనని నా మనవి.

1. సంఘపు గిడ్డంగిలోని పాత పనిముట్లను అమ్మకమునకు పెట్టుటకు ముందు, ఒక గొర్రు, ఒక జడ్డిగము, ఒక గుంటక, ఒక చేతి స్ప్రేయరు ఏరి బాగుచేయించి నిలుపవలెను. గిడ్డంగిలో లేకున్న సభ్యుల పశువుల కొట్టములలో నుండును; అడిగి తెచ్చుకొనవచ్చును.

2. వానితోపాటు ఒక పెట్టెలో తక్కెడ, తూకపు రాళ్లు, చేట, జల్లెడ, కొలత త్రాడు, గీతలున్న కొలపాత్ర, మొలక పరీక్షకు గోనెపట్ట, తొమ్మిది గుడ్డసంచులు ఉంచవలెను. ఈ పెట్టెను ఏ సభ్యుడు అడిగినను అద్దె లేకుండ ఇయ్యవలెను.

3. విత్తు యంత్రమును గాని, స్ప్రేయరును గాని మొదటిసారి అద్దెకు తీసికొనువారు ఒక పూట ఈ పనిముట్లతో నేర్చుకొనవలెనని నియమము చేయవలెను. నేర్చినవారి పేరు అద్దె పుస్తకముననే వ్రాయవచ్చును.

4. ఇందుకు ఏరువాక పున్నమి తగిన దినము. ఆనాడు నాగళ్లను కడిగి పసుపు కుంకుమలు పెట్టుట మన పల్లెల ఆచారము. ట్రాక్టరులకును బొట్టు పెట్టుచున్నాము, మంచిదే. ఆ సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి నూరు గింజలు లెక్కింపజేసిన, తూకము వేయించిన, జడ్డిగమున గింజ వదలించిన పండుగకు మరింత నిండుదనము వచ్చును.

వీనికగు వ్యయము స్వల్పము. ఒక గొట్టము మూసికొనిపోయినందున ఒక సభ్యునకు కలుగు నష్టముతో పోల్చిన అది లెక్కలోనిదే కాదు. యంత్రములను కొనుటకు సంఘములు అప్పు తెచ్చుచున్నవి. వానిని సరిగా వాడు తెలివి అప్పునకు దొరకునది కాదు. అది పెద్దల చేతినుండి పిన్నల చేతికి పోవలెను. అట్లు పోవుటకు నడుమ ఒక వస్తువు కావలెను. ఆ వస్తువు మీ గిడ్డంగి వెనుక గదిలో పడియున్నది. వచ్చు జాబితా వ్రాయుటకు ముందు ఒకమారు తలుపు తీసి చూడుడని కార్యదర్శులను, అధ్యక్షులను ప్రార్థించుచున్నాను.